రేకు దూలమును తాకుచోట

వానకాలము గడచిన పిదప, ఆశ్వయుజమాసపుటెండ తేటగా కాయుచున్న ఒకనాటి యుదయమున, నాగారములోని ఏ డాబాపైకైనను ఎక్కి, అక్కడ నీళ్ల ట్యాంకునకు నీడగానో, బట్టలారవేయుటకో, అద్దె గదికి కప్పుగానో వేసికొన్న రేకుల షెడ్డు క్రింద నిలిచి తలయెత్తి చూచితిరేని ఒక విశేషము మీ కంటబడును. ఇనుపపైపు ప్రక్కలకు పూసిన రెడ్ ఆక్సైడు రంగు చాలవరకు చెక్కుచెదరక యుండును. రేకు నడిమిభాగము తళతళలాడుచునే యుండును. కాని రేకు పైపుమీద ఆనిన ఆ సన్నని గీత వెంబడి మాత్రము గోధుమవన్నె మరక యొకటి బయలుదేరి, పైపు చెంపలమీదుగా చారలుచారలుగా దిగజారుచుండును. ఆ చోట వ్రేలితో గీచినచో పెళ్లలు రాలును. ఈ ప్రాంతపువారు దానిని జంగు అందురు. కోస్తావారు తుప్పు అందురు. పేరేదైనను ప్రశ్న యొక్కటే: ఎండకును వానకును ఎదురుగా నిలిచిన భాగము బాగుండగా, రెండు లోహముల నడుమ దాగియున్న చోటు ముందుగా చెడుటకు హేతువేమి?

ఈ ప్రశ్న నాగారపు షెడ్డులకు మాత్రమే చెందినది కాదు. ఇక్కడికి చేరువనున్న చర్లపల్లి పారిశ్రామికవాడలోని కర్మశాలలు మొదలు శామీర్‌పేట దాపున తుర్కపల్లిలో జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలల వరకు, బాహ్యవలయ రహదారి పొడవున లేచుచున్న గిడ్డంగుల వరకు, ఉక్కు దూలములపై లోహపు రేకు పరచి కట్టు కట్టడములు నానాటికి పెరుగుచున్నవి. బహుళ అంతస్తుల భవనములలో ఈ రేకునే డెక్ షీటు అందురు. దానిమీద కాంక్రీటు పోసి అంతస్తు కట్టుదురు. కొయ్యపలకల సెంట్రింగుతో పని తగ్గును, కాలము కలిసివచ్చును. దూలము, రేకు, కాంక్రీటు మూడును కలిసి ఒకే శరీరమువలె బరువు మోయును. అట్టి శరీరమునకు కీలు రేకు దూలమును తాకుచోటు. కీలు చెడినచో తక్కిన అవయవముల బలమంతయు వ్యర్థము.

తుప్పుయొక్క స్వభావమును గ్రహించుటకు ముందుగా కళాయి పూయువానిని తలచుకొందము. ఒకనాడు వీధివీధికి వచ్చి, తిత్తి ఊది, ఇత్తడి గిన్నె లోపల తగరపు పూత పూసి, నవసాగరపు పొగ నడుమ వెండివలె మెరిపించి యిచ్చిన ఆ శిల్పి, పులుసునకును ఇత్తడికిని నడుమ ఒక తెర కట్టుచుండెను. నూనె డబ్బా రేకుపై పూసినదియు తగరమే. అయితే ఆ డబ్బాపై గోరంత గీటు పడినచో, ఆ గీటులోని ఇనుము అసలు పూతలేని ఇనుముకంటె త్వరగా తుప్పుపట్టును. జి.ఐ. రేకుపైని తుత్తునాగపు పూత యట్లు గాదు. దానిపై గీటు పడినను ఇనుము తుప్పుపట్టదు, తుత్తునాగమే కరగిపోవుచు ఇనుమును కాపాడును. రెండును పూతలే, రెండును తెల్లనివే. ఒకటి యజమానిని అపాయములో విడుచును, వేరొకటి యజమాని కొరకు ప్రాణమిచ్చును. ఈ భేదమునకు కారణము లోహముల పుట్టుకలోనే యున్నది. నీటిలో కరగి విద్యుత్కణములుగా మారుటకు ప్రతి లోహమునకును ఒక్కొక్క మోతాదులో ఆతురత కలదు. ఆ యాతురతను వోల్టులలో కొలిచిన శాస్త్రజ్ఞులు తుత్తునాగమునకు ఋణ 0.76, ఇనుమునకు ఋణ 0.44, తగరమునకు ఋణ 0.14, రాగికి ధన 0.34 అని పట్టిక వ్రాసిరి. రెండు లోహములు ఒకదాని నొకటి తాకుచు, రెంటిని తడుపుచు ఒకే నీరుండినచో, ఎక్కువ ఆతురత గలది కరగును, తక్కువది నిలుచును. కరుగుదానిని ఆనోడనియు నిలుచుదానిని క్యాథోడనియు వ్యవహరింతురు. ఇటలీదేశమున బొలోన్యా నగరమందు కప్పకాలి కండరములపై పరీక్షలు చేసిన లూయీజీ గాల్వానీ పేరు ఈ వ్యాపారమునకు అంటుకొన్నది; 1837లో ఫ్రాన్సులో సోరెల్ అను ఇంజనీరు, ఇనుమును కరగిన తుత్తునాగములో ముంచు పద్ధతికి పేటెంటు పొందినపుడు ఆ పేరే దానికి పెట్టెను.

అట్లయినచో తుత్తునాగపు రేకు ఉక్కుదూలమును తాకుట మేలేకదా, రేకు తాను కరగి దూలమును కాపాడునుగదా యని చదువరి అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. దీనికి సమాధానము ఒక ఓడ చెప్పినది. బ్రిటిషు నౌకాదళము 1761లో ‘అలారం’ అను యుద్ధనౌక అడుగునకు, సముద్రపు పురుగులు కొయ్యను తొలుచకుండుటకై రాగిరేకు తొడిగించెను. రెండేండ్లు పడమటి ఇండీస్ జలములలో తిరిగివచ్చిన ఓడను 1763లో పరీక్షించినపుడు రాగి చక్కగానే యుండెను, కాని దానిని తాకిన ఇనుపమేకులు పిండియై పోయియుండెను. అయితే కొన్ని మేకులు మాత్రము చెడలేదు. వాని చుట్టు, రాగిరేకులు చుట్టివచ్చిన గోధుమరంగు కాగితము పొరపాటున తీయక విడువబడి, రాగికిని ఇనుమునకును నడుమ అడ్డుగా నిలిచెను. ఒక్క కాగితపు పొర! లోహము లోహమును తాకకుండ చేయుట ఎంత చిన్నపనియో, దానిఫల మెంత పెద్దదో, విద్యుద్ఘటమింకను పుట్టని కాలముననే ఆ కాగితము చాటినది.

ఆ ఓడకథలో వేరొక పాఠము కలదు. అదియే మన రేకునకు నేరుగా వర్తించును. కరగు లోహము కొద్దిగాను, నిలుచు లోహము విస్తారముగాను ఉన్నప్పుడు వినాశము శీఘ్రముగా నగును. మేకు చిన్నది, రాగి పరపు పెద్దది. పరపంతయు కలిసి మేకు నొక్కదానిని పీల్చివేసినది. అట్లే రంగులేని ఉక్కుదూలపు పైముఖము విశాలముగా పరచుకొని యుండగా, దానిపై కూర్చున్న రేకు అడుగున పూసిన తుత్తునాగము వెండ్రుకవాసికంటె ఎంతో పలుచన. భారతీయ ప్రమాణము 277 ప్రకారము దొరకు మేలైన రేకునకు చదరపు మీటరుకు, రెండు ముఖములకు కలిపి 275 గ్రాముల తుత్తునాగముండును. లెక్కవేసినచో ఒక్కొక్క ముఖమున సుమారు 19 మైక్రానుల మందము. వెలతక్కువ రేకునకు 120 గ్రాములే. అనగా ఎనిమిది మైక్రానులకు కొంచెము పైన. మనిషి వెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. ఈ పలుచని పొర తన త్యాగముతో దూలమును కాపాడవచ్చును గాని, తడి నిలిచియున్నచో ఆ త్యాగము ఎన్నాళ్లు సాగగలదు? పూత తీరిపోయిన పిమ్మట అర మిల్లీమీటరు మందమైనను లేని రేకును, దానిని మోయు పైపును, రెండును దిక్కులేనివై తుప్పునకు లోబడును.

నా యెరుకలో ఈ విషయమున జనులు చేయు పెద్ద పొరపాటు, దోషమంతయు లోహముల తాకిడిలోనే యున్నదని తలచుట. తాకిడి సగము దోషము కూడ కాదు, దోషము తడిది. నీరు లేనిచో ఏ రెండు లోహములు ఎన్నియేండ్లు ఒకదానినొకటి హత్తుకొని యున్నను ఏమియు జరుగదు. ప్రపంచదేశములు వాడుకొను ఒక అంతర్జాతీయ ప్రమాణము వాతావరణముల ఉపద్రవశక్తిని తరగతులుగా విభజించినది. ఆరియున్న ఇంటిలోపలి వాతావరణమున తుత్తునాగము ఏటికి 0.1 మైక్రానునకు మించి కరగదు. ఆ లెక్కన 19 మైక్రానుల పూతకు నూటతొంబదియేండ్లు ఆయువు. ఓ మోస్తరు ఉపద్రవము గల మూడవ తరగతిలో ఏటికి 0.7 మొదలు 2.1 మైక్రానుల వరకు పోవును. అప్పుడు ఆయువు తొమ్మిది మొదలు ఇరువదియేడేండ్ల వరకు. సముద్రపుగాలియు, పరిశ్రమల పొగయు మిక్కుటమైన అయిదవ తరగతిలో నాలుగైదేండ్లును నిలువదు. సముద్రమునకు వందల కిలోమీటర్ల దూరమున, పారిశ్రామికవాడకు దాపున నున్న నాగారమును రెండవ తరగతికిని మూడవ తరగతికిని నడుమ చేర్చుట సమంజసమని నా యభిప్రాయము. అట్లయినచో ఇక్కడి రేకులు చిరకాలము బ్రతుకవలసినవే. కాని పైలెక్క లన్నియు గాలి ధారాళముగా ఆడు ముఖములకు చెందినవి; రేకునకును దూలమునకును నడుమనున్న ఇరుకునకు అవి చెల్లవు.

ఆ యిరుకులో జరుగు వ్యాపారమును కేంబ్రిడ్జిలో యులిక్ ఇవాన్స్ అను పండితుడు ఒక్క నీటిబొట్టుతో చూపెను. మెరుగుపెట్టిన ఇనుపపలకపై ఉప్పునీటిబొట్టు నొకదానిని ఉంచి కనిపెట్టగా, గాలి యెక్కువగా తగులు బొట్టుయంచున ఇనుము చెక్కుచెదరలేదు. గాలి చేరని నడిమిభాగమే కరగినది. లోహమొకటే, నీరొకటే, అయినను ప్రాణవాయువు హెచ్చుతగ్గులవలననే ఒకచోట ఆనోడు, వేరొకచోట క్యాథోడు ఏర్పడినవి. రేకుక్రిందికి కేశనాళికాకర్షణచే ప్రాకిన వాననీరు ఎండకు తగులదు, గాలికి ఆరదు. మీది రేకు ఎండిపోయి రోజులు గడచినను లోన తడి అట్లే యుండును. అచట ప్రాణవాయువు కొరవడును, దుమ్ము చేరును, పావురముల రెట్టలోని ఆమ్లము చేరును. లోహభేద మొకవైపు, గాలిభేద మొకవైపు, రెండును చేతులు కలుపును. పుట్టిన తుప్పు, తాను పుట్టిన ఇనుముకంటె రెండు మొదలు ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమించును గనుక, బిగించిన స్క్రూలను సైతము పెకలించి, రేకును పైకెత్తి, మరింత నీటికి దారి యిచ్చును. ఇది అల్పమైన బలమని తలపరాదు. 1983 జూన్ 28వ తేదీన అమెరికాలోని కనెటికట్ రాష్ట్రమున మియానస్ నదిపైని వంతెన ఖండమొకటి తెగిపడి ముగ్గురు మరణించుటకు మూలము, ఉక్కు కీలుల నడుమ పేరుకొన్న తుప్పు ఆ ఖండమును వ్రేలాడదీసిన ఉక్కుపట్టీని దాని స్థానమునుండి నెట్టివేయుట.

మన ఢిల్లీ లోహస్తంభము కూడ ఈ సాక్ష్యమునే పలుకుచున్నది. ఏడుమీటర్ల యెత్తు, ఆరు టన్నులకు పైబడిన బరువు గల ఆ స్తంభము పదునారు శతాబ్దులుగా ఎండవానల నోర్చి నిలిచినది. దాని యినుములోని భాస్వరము పుట్టించిన రక్షకపొర అందుకు కారణమని కాన్పూరు ఐ.ఐ.టి.కి చెందిన బాలసుబ్రహ్మణ్యముగారి పరిశోధనలు తెలిపినవి. కాని 1961లో పాదు త్రవ్వి చూచినపుడు మట్టిలోని తడి తగిలిన భాగము మందమైన తుప్పుపొరతోను గుంటలతోను కనబడినది. ఇనుము అదియే, శిల్పి అతడే. ఆరుచోటు నిలిచినది, ఆరనిచోటు చెడినది.

ఈ దృష్టితో ఇప్పుడు రెండు కట్టడములను సరిపోల్చుదము. నాగారములో షెడ్డు వేయుచున్న వెల్డింగు మేస్త్రీ నొకనిని, పైపు పైముఖమునకు రంగేల వేయలేదని నేనడిగితిని. “రేకు పడ్డంక బ్రష్షు ఏడ పోతది సార్? కింద కనవడేదాంకనే ఏస్తం,” అని అతడు నిష్కపటముగా బదులు చెప్పెను. పని వరుస అట్లున్నది: ముందు పైపులు అతుకుదురు, పిదప రేకు బిగింతురు, చివర రంగు వేయుదురు. అందుచేత రంగు మిక్కిలి అవసరమైన ముఖమే రంగు నెరుగక పోవుచున్నది. ఇక డెక్ షీటు వేసిన పెద్ద భవనమునకు వత్తము. అక్కడను దూలపు పైముఖము రంగులేకయే యుండును, కాని అది మరపువలన గాదు, బుద్ధిపూర్వకముగా. రేకును చీల్చుకొని దూలమునకు అతుకవలసిన 19 మిల్లీమీటర్ల లావు స్టడ్డులు, అనగా పొట్టి ఉక్కు కడ్డీలు, కలవు. విద్యుచ్చాపము క్షణమాత్రమున ఉక్కును కరగించి వానిని నాటునపుడు నడుమ రంగున్నచో అతుకు పొడిబారి బుడగలు పట్టును. అందుచేత ఇంజనీరులు ఆ పట్టీని విడిచి తక్కిన దూలమునకు రంగు వేయుదురు. ఒకే నగ్నముఖము, ఇక్కడ దోషము, అక్కడ నియమము! కారణము సుస్పష్టము: అక్కడ పైన కాంక్రీటు కప్పును, చుట్టును గోడలు లేచును, తడి చేరదు. ఆరియుండు లోపలి అంతస్తులకు 275 గ్రాముల పూతగల డెక్ షీటు చాలునని ఐరోపా నియమావళి యొప్పుకొన్నది కూడ ఈ విశ్వాసముతోనే.

ఆ విశ్వాసము భగ్నమగు చోట్లు మన యిండ్లలో కొన్ని కలవు. వానిలో మొదటిది స్నానపుగది. మన దేశమున స్నానపుగది నేలను దింపి కట్టి, ఆ గోతిలో పైపులు పరచి, ఇటుకముక్కలతో నింపి టైల్సు వేయు ఆచారము కలదు. దానినే సంకెన్ స్లాబు అందురు. పైపు కీలు కారినచో సాధారణపు కాంక్రీటు స్లాబు అడుగున మరక కనబడును, క్రింది వాటావారు వచ్చి తలుపు తట్టుదురు. డెక్ షీటు స్లాబునకు ఆ భాగ్యము లేదు. అడుగున రేకు పళ్లెరమువలె నీటిని పట్టి యుంచును; ఆ నీరు రేకు గాడివెంట నెమ్మదిగా ప్రాకి, దూలము కడకు చేరి, స్టడ్డుల వేడికి తుత్తునాగము ఆవిరియై పోయిన చోటనే నిలుచును. తుత్తునాగము 907 డిగ్రీల వద్ద మరగును, ఉక్కు సుమారు 1500 డిగ్రీల వద్దగాని కరగదు. కావున ప్రతి అతుకుచుట్టును పూతలేని వలయ మొకటి తప్పదు. మరక కనబడు నాటికి లోపల ఏండ్లు గడచియుండును. రెండవ చోటు మేడకప్పు. 1980వ దశకమున అమెరికాలో కప్పురేకులపై ఫినాలిక్ నురుగుపలకలను వేడి నాపుటకై పరచిరి. అవి తడిసినపుడు ఆమ్లమును విడిచి, ఎన్నో భవనముల డెక్ రేకులను తినివేసినవి. రేకుపై ఏది పరచినను, అది తడిసినపుడు ఏమి విడుచునో ముందుగా విచారింపవలెను.

కాంక్రీటు మాత్రము మిత్రమే. దానిలోని క్షారగుణము ఉక్కుపై ఒక సూక్ష్మరక్షణపొరను నిలుపును. అయితే క్లోరైడు లవణము చేరినచో ఆ పొర చిల్లులు పడును. అందుకే ఐ.ఎస్. 456 ప్రమాణము ఉక్కుగల కాంక్రీటులో ఘనమీటరునకు 0.6 కిలోగ్రాములకు మించి క్లోరైడు ఉండరాదని శాసించినది. త్వరగా గట్టిపడుటకని కాల్షియం క్లోరైడు కలుపువారిని, పరీక్షింపని బోరునీటితో కాంక్రీటు కలుపువారిని ఈ నియమము పేరిట నిలువరింపవలెను. అల్యూమినియము మాటయే వేరు. దానికి కాంక్రీటు క్షారము విరోధి. కావున అల్యూమినియము పాలెక్కువగా గల పూతరేకు కప్పునకు ఎంత మేలైనదైనను పచ్చి కాంక్రీటు క్రింద పరచదగదు.

ఇక నివారణోపాయములు. వీనిలో గూఢమేమియు లేదు. డాబాపై షెడ్డు వేయువారు పైపుల నాలుగు ముఖములను తుప్పు గోకి, ప్రైమరు వేసి, దానిమీద రంగు రెండు పూతలు వేసి, ఆరిన పిమ్మటనే రేకు బిగింపవలెను. రేకు ఆను పైముఖమునకు మరియొక పూత అధికముగా వేసినను వ్యర్థము కాదు. వెల్డింగు చేసిన ప్రతి చోటును తీగబ్రష్షుతో రుద్ది తుత్తునాగపు రంగు పూయవలెను. రంగు వేయవలసినది ఉక్కునకా రేకునకా యని సందేహము కలిగినచో, నిలుచు లోహమునకు, అనగా ఉక్కునకు, ముందు వేయవలెనని తెలియునది. ఓడమేకుల పాఠము మరువక, కరగు లోహమునకు మాత్రమే రంగు వేసి తృప్తిపడరాదు, ఏలనన ఆ రంగుపై పడిన చిన్న గీటు వద్దనే నష్టమంతయు గుమిగూడును. పైపునకును రేకునకును నడుమ రబ్బరు పట్టీ పరచుట ‘అలారం’ ఓడ కాగితమువంటి మేలు చేయును. అయితే ఆ పట్టీ నీటిని పీల్చు జాతిది కారాదు. రేకునకు వాలు చాలినంత ఉండవలెను. స్క్రూల రంధ్రములు తొలిచిన యినుపతురుము రేకుపై మిగిలినచో ఒక్క వానకే మరకలు పుట్టించును గనుక, సాయంత్రము పని ముగియగానే చీపురుతో ఊడ్పింపవలెను. ఎయిర్ కండిషనరు గొట్టపు నీరు రేకుపై జారవిడువరాదు. రాగిగొట్టములపై పారిన నీటిలో రాగి లేశమాత్రముండినను అది తుత్తునాగముపై కూర్చుండి గుంటలు త్రవ్వును. కొన్న రేకులను ఒకదానిపై నొకటి నేలపై పరచి వానకు విడిచినచో తెల్లని బూజువంటి తుప్పు పట్టును. వానిని కొంచెము వాలుగా, గాలి యాడునట్లు, కప్పు క్రింద నిలుపవలెను.

పెద్ద కట్టడములలో దూలపు అంచులకు, రేకు ముగియు చోట్లకు, గోడ వెలుపలికి పొడుచుకొని వచ్చు భాగములకు ప్రత్యేక శ్రద్ధ కావలెను. అవియే తడిని చూచు చోట్లు. కాంక్రీటు పోయుటకు ముందే అంచులకు రంగు చేర్చి, స్నానపుగది క్రింద డెక్ షీటు మానుకొనుటయో, లేక నీరు బయటబడుటకు దారి విడుచుటయో నిర్ణయింపవలెను. ఉక్కుకాంక్రీటు మిశ్రనిర్మాణముల ప్రమాణమగు ఐ.ఎస్. 11384ను 2022లో సవరించిరి. దానిని చదివిన ఇంజనీరు నొకనిని సంప్రదించుటకగు ఖర్చు, ముప్పదియేండ్లకు ఒక అంతస్తు విప్పి కట్టు ఖర్చుముందు ఎన్నదగినది కాదు.

ఒకసారి చేసిన అడ్డు కలకాలము నిలుచునని మాత్రము నమ్మరాదు. 1886లో న్యూయార్కు రేవున నిలిపిన స్వాతంత్ర్యదేవత ప్రతిమకు రాగితొడుగును ఇనుపచట్రమును కలిసినచోట్ల లక్క పూసిన రాతినార పెట్టిరి. కాలక్రమమున ఆ నార నీరు త్రాగి, తానే తడిని నిలుపు పాత్రయై, ఇనుము ఉబ్బి రాగిని చీల్చినది. 1986 శతజయంతికి ముందు చట్రపు కమ్ములను స్టెయిన్‌లెస్ ఉక్కుతో మార్చి, నడుమ టెఫ్లాన్ పెట్టవలసివచ్చెను.

చదువరులారా, మీ డాబాపై షెడ్డు కలిగినచో వచ్చు జ్యేష్ఠమాసమునకు ముందు ఒకమారు నిచ్చెన వేసి, రేకు పైపు నానిన గీతవెంబడి చేయి పెట్టి చూడుడు. గోధుమపొడి చేతికి అంటినచో స్క్రూలు విప్పించి, రేకు లేపించి, ఎన్నడును రంగు నెరుగని ఆ పైముఖమునకు రంగు వేయింపుడు.